ప్రణయకథలో పరాయివాని చూపు



వెండితెరమీద ఒక యువకుడును ఒక యువతియు ఒకరినొకరు వలచిన కథ నడచుచుండగా, ఆ కథను వారిద్దరి కన్నులతోనే చూపుట మేలా, లేక వారికి పరాయివాడైన మూడవ మనిషి కన్నులతో గూడ చూపుట మేలా అన్నది నేటి ప్రసంగవిషయము. ఇది సినిమాలు తీయువారు తమలో తాము తేల్చుకొనవలసినది గాని పల్లెపట్టులనుండు మనకేల యని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఊరిలో ఇద్దరి మనసులు కలిసినవన్న మాట రచ్చబండ చేరిననాడు, ఈ పెండ్లి జరుగవలెనా మానవలెనా అని మనలను పిలిచి అడిగిననాడు, ఆ మూడవ మనిషి మనమే యగుచున్నాము. కావున పరాయివాని చూపు కథకు చేయు మేలేమో కీడేమో విచారించుట, మన చూపును మనము పరీక్షించుకొనుటయే.

ముందుగా ఎదుటి వాదములను విందము. ప్రేమ ఇద్దరి సొత్తు. ఆ ఇద్దరి నడుమ నడచు మాటలు, మౌనములు, అలుకలు మూడవవానికి తెలియవు. తెలియనివాని కంటితో చూపిన కథ పలుచబడును. పైగా ప్రేమికుల ఏకాంతమున ఇంకొకడు దూరుట పానకములో పుడక వంటిది. ఇది మొదటి వాదము. రెండవది ఇంకను గట్టిది. తెర యెదుట కూర్చున్న మనమే పరాయివారము గదా! పరాయి చూపు కావలసినచో మన చూపు చాలును. కథలోనికి మరియొకనిని లాగుకొని వచ్చుట యేల అని దాని భావము.

రెండవ వాదమునకు సమాధానము సినిమా స్వభావములోనే యున్నది. వీధినాటకము చూచువాడు తాను పరచుకొన్న చాపమీదినుండియే ఆటయంతయు చూచును. రాజు పాత్ర యేడ్చినను, కేతిగాడు నవ్వించినను వానికి దూరమొక్కటే. సినిమాలో అట్లు గాదు. కెమెరా యను యంత్రనేత్రము నాయిక చెంపమీది కన్నీటిబొట్టు దాకా పోగలదు. మరుక్షణముననే కొండకొమ్మున నిలిచి ఆ నాయికనే చీమంతగా చూపగలదు. అది ఎవరి భుజము పక్కన నిలిచిన, మనమును వారి పక్కనే నిలిచినవారమగుదుము. కనుక సినిమా చూచువాడు తన యిష్టము వచ్చిన చోట నిలుచువాడు గాడు. దర్శకుడు నిలిపినచోట నిలుచువాడు. రెండుమూడు గంటలసేపు మనలను ప్రేమికుల పక్కనే నిలిపిన, వారి కోరిక యెల్ల న్యాయముగను, వారికి అడ్డువచ్చిన ప్రతివాడును దుర్మార్గుడుగను మనకు కనబడును. ఒక్కసారియైన అవతలి గట్టునకు దాటించిన గాని, ఆ ప్రేమ లోకమునకు ఎట్లు కనబడుచున్నదో, దాని మూలమున ఎవరికి ఎంత నష్టము వచ్చుచున్నదో మనకు తెలియదు.

మొదటి వాదమునకు మన ప్రాచీన కావ్యములే బదులు చెప్పుచున్నవి. తగవులో కక్షిదారు తన మాట తాను ఎంత గట్టిగా చెప్పుకొన్నను, పెద్దలు సాక్షి మాట కొరకే చెవి యొగ్గుదురు. ప్రేమ విషయమునను అంతే. వలచినవాడు తన వలపును వర్ణించుకొనుట కక్షిదారు వాఙ్మూలము వంటిది. పరాయివాడు చూచి తల యూచినప్పుడు దానికి సాక్ష్యబలము కలుగును.

సుందరకాండమును తలచుకొనుడు. సీతారాముల అనురాగము ఎంతటిదో ఆ కాండములో తెలిసినంతగా మరెక్కడను తెలియదని చెప్పవచ్చును. అయినను అందు ఆ దంపతులిరువురు ఒక్కచోట లేనేలేరు. శింశుపావృక్షపు కొమ్మల చాటున కూర్చున్న హనుమంతుని కన్నులతో వాల్మీకి సీతను మనకు చూపినాడు. హనుమంతుడు ఆమెను ఆకాశమార్గమున పోవుచుండగా దూరమునుండి చూచినవాడే గాని మాటాడి యెరుగడు. మాసిన వస్త్రముతో, ఉపవాసములచే చిక్కిన మేనితో నున్న ఆ తల్లిని చూచి, ఇట్టి యామెకు దూరమై రాముడు ప్రాణములు నిలుపుకొని యుండుటయే దుష్కరమైన పని యని అతడు తనలో అనుకొనును. ఆ మాటయే రాముడు అనిన విలాపమగును. హనుమంతుడు అనుటచే సాక్ష్యమైనది. మరి హనుమంతుడు చూచి యూరకున్నవాడా? ఏ భాషలో పలుకరించిన ఆమె బెదరకుండునో యోచించినాడు. పండితునివలె సంస్కృతమున పలికిన రావణుడే మాయవేషమున వచ్చినాడని భయపడునేమో యని సంశయించినాడు. ముందు రామకథ వినిపించి, పిదప ఉంగరము చూపి, చూడామణి గైకొని వచ్చినాడు. తాను చూచినదానికి తాను బాధ్యత వహించినాడు.

కాళిదాసుని శాకుంతలములోను ఇట్టి యేర్పాటు కలదు. ఆరవ అంకమున దుష్యంతుడు ఉంగరము దొరికిన పిమ్మట తాను చేసిన అన్యాయము గుర్తునకు వచ్చి కుమిలిపోవుచుండును. ఆ కుములుటను సానుమతి యను అప్సరస కంటికి కనబడక నిలిచి చూచుచుండును. ఆమె మేనకకు ప్రియురాలు. అనగా శకుంతల పక్షపు మనిషి. ఆడుబిడ్డను నిండుసభలో కాదని పంపిన భర్త తరువాత ఒంటరిగ ఏడ్చినాడన్న మాట మనము ఊరక నమ్ముదుమా? పుట్టింటివారి తరపున వచ్చి, వాని తప్పునకు కోపించి, ఆ కోపముతోనే చూచి, కడకు కరగినవారు ఒకరుండవలెను. సానుమతి చూచి కరగినది గనుకనే ఏడవ అంకములో శకుంతల మన్నించుట మనకు సమ్మతమగుచున్నది.

ఈ వెలుగులో ఇప్పుడు సినిమాలను చూతము. 1951లో వాహినీవారి పక్షమున బి. ఎన్. రెడ్డిగారు తీసిన "మల్లీశ్వరి" మీలో పలువురు చూచియే యుందురు. భానుమతిగారు మల్లీశ్వరిగను, నందమూరి తారకరామారావుగారు నాగరాజుగను నటించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలు, పాటలు వ్రాసిరి. సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. విజయనగర సామ్రాజ్యకాలపు కథ యది. మల్లి, నాగరాజు బావమరదళ్ళు. చిన్ననాటినుండి కలిసి పెరిగినవారు. నాగరాజు రాతికి ప్రాణము పోయు శిల్పి. ఒకనాడు బండిమీద ఊరికి మరలుచుండగా వాన పట్టుకొనును. ఇద్దరును దారిలోని పాత కట్టడములో తలదాచుకొందురు. అక్కడ మల్లి పాడి యాడును. మారువేషమున తిరుగుచున్న శ్రీకృష్ణదేవరాయలును, అల్లసాని పెద్దనయు అక్కడనే చేరి ఆ యాట చూచి ముగ్ధులగుదురు. వారెవరో ఎరుగని నాగరాజు, రాజుగారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపింపుడని వేళాకోళముగ అనును.

ఆ క్షణమున రాయలవారు చూచినదేమి? ఆటపాటలలో ఆరితేరిన ఒక పడుచు. ఆమె పక్కన నవ్వుచు త్రుళ్ళుచు నున్న ఒక యువకుడు. వారు చూడనిదేమి? ఆ యిద్దరి వెనుక నున్న పదిపదిహేనేండ్ల పొత్తు. పిల్లవాడు పేదవాడని పిల్ల తల్లి పెంచుకొన్న పట్టుదల. పరిహాసమాడినవాడు పరిహాసముగనే మరచినాడు. వినినవాడు ప్రభువు గనుక ఆ పరిహాసము ఆజ్ఞ యైనది. నాగరాజు ధనము సంపాదించి తెచ్చి పెండ్లాడుదునని ఊరు విడిచి పోయిన సమయమున, రాజలాంఛనములతో పల్లకి వచ్చి వాకిట నిలిచినది. ధనాశగల తల్లి సంతోషించినది. మల్లి రాణివాసమునకు పోయినది. అచ్చటికి పరపురుషుడు వచ్చుట తలతీయదగిన నేరము.

ఇక్కడనే ఈ కథ మామూలు ప్రేమకథలనుండి వేరుపడుచున్నది. రాయలవారు మల్లిని కోరి తెచ్చుకొన్నవాడు గాడు. నాగరాజునకు శత్రువు గాడు. కళను మన్నించు రసికుడు, ఇచ్చిన మాట చెల్లించుకొను దాత. ఒక దుష్టుడు పిల్లను ఎత్తుకొనిపోయిన కథ యైనచో, వానిని దండించుటతో మన మనసు తేలికపడును. ఇంటికి వచ్చి సుఖముగ నిద్రింతుము. ఇక్కడ అట్టి నిద్ర లేదు. ప్రేమకు కీడు చేయుటకు దుర్మార్గుడే అక్కరలేదనియు, సగము చూచి మేలు చేయబూనిన సజ్జనుడు చాలుననియు ఈ కథ చెప్పుచున్నది. పరాయివాని చూపు అందు లేకున్న ఈ సత్యము చెప్పుటకు వీలే లేదు.

ఎడబాటు ఘట్టమున మల్లియు నాగరాజును ఎవరి తావున వారుండి మేఘముతో మొరపెట్టుకొందురు. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపిన నాటినుండి అది మనకు పరిచయమైన దూతయే. మేఘము ఇద్దరిని చూడగలదు గాని అడ్డు తొలగించుటకు దానికి చేతులు లేవు. చేతులున్న రాజునకు ఆ యిద్దరి లోపలి కథ తెలియదు. మన యూళ్ళలో పెక్కు కథలకు వచ్చు చిక్కు ఇదియే. తెలిసిన చెలికత్తెకు అధికారము లేదు. అధికారము గల పెద్దకు తెలియదు.

కడపట నాగరాజు పట్టుబడి మల్లితోపాటు రాజు నెదుట నిలుచును. వానలో చూచిన ఆ యిద్దరినే రాయలవారు రెండవమారు చూడవలసి వచ్చినది. మొదటిసారి వినోదముగ చూచినాడు. ఇప్పుడు నేరస్థులుగ చూడవలసినాడు. తాను పంపిన పల్లకియే వారి నిక్కడికి తెచ్చినదని తెలిసికొన్న పిమ్మటనే ఆయన క్షమ ఒట్టి దయ గాక ప్రాయశ్చిత్త మగుచున్నది. ఆ మొదటి వానరాత్రి రాయలు అక్కడ లేనిచో ఈ క్షమకు బరువే యుండదు.

పరాయివాడు వేరొక రీతిగ గూడ కథలో నిలువగలడు. ఆ రీతిని 1953లో వినోదావారు నిర్మించిన "దేవదాసు"లో చూడవచ్చును. శరత్‌చంద్ర చటోపాధ్యాయుల నవల 1917లో అచ్చయినది. దానిని వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున తెలుగు చేసిరి. అక్కినేని నాగేశ్వరరావుగారు దేవదాసు, సావిత్రిగారు పార్వతి, లలితగారు చంద్రముఖి. దేవదాసు పార్వతిని దక్కించుకొనలేక త్రాగుడునకు లోనై నశించును. విచారించి చూచిన, ఇట్టి నాయకునిపై మనకు జాలికంటె విసుగే హెచ్చుగ కలుగవలెను. చేతికందిన పిల్లను తండ్రికి జంకి వదలుకొన్నాడు; పిదప సీసా పట్టుకొన్నాడు. మరి మనము ఏల విసుగుకొనము? చంద్రముఖి విసుగుకొనలేదు గనుక. ఎందరో పురుషులను చూచిన వేశ్య యామె. డబ్బు పారవైచి తన్ను ఏవగించుకొన్న ఈ యొక్కని యందు ఆమెకు వేరొక స్త్రీకొరకు కాలుచున్న హృదయము కనబడినది. లోకము త్రాగుబోతును చూచినచోట ఆమె ప్రేమికుని చూచినది. చూచి తన వృత్తినే విడిచినది. ఆమె చూపు తోడుగా నిలిచి మన చూపును మార్చినది.

అయితే ఈ చూపులో ఒక చిక్కు లేకపోలేదు. చంద్రముఖి ఒట్టి సాక్షి గాదు. తానును దేవదాసును వలచినది. వలచిన సాక్షి తప్పులు కప్పును. శరత్ నవలలో ఆమెకు పార్వతితో ముఖపరిచయము గూడ లేదు. దేవదాసు నోట వినినదే ఆమె యెరిగిన పార్వతి. అందుచే దేవదాసు పడిన బాధకు కథలో సాక్షులు కలరు గాని, పార్వతి పడిన బాధకు సాక్షి కరవైనది. తన యీడు పిల్లలకు సవతితల్లియై, పెద్దయిల్లు చక్కబెట్టుచు, నోరు మెదపక కాలము పుచ్చిన ఆ యిల్లాలి పగళ్ళను రాత్రులను పక్కన నిలిచి చూచినవారెవరు? తుదకు తలవాకిట చచ్చుచున్నవాడు దేవదాసని తెలిసి ఆమె పరుగెత్తినప్పుడు ఇంటివారు తలుపులు మూయుదురు. వారును పరాయి చూపువారే. కాని వారికి కనబడినది పరువునష్టమొక్కటే. ఒకే కథలో పరాయిచూపు ఒకచోట మనిషిని నిలబెట్టినది. మరియొకచోట మనిషి ముఖముననే తలుపు మూసినది. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూచుటకే ఆ చిత్రమును మరల చూడవలెనని నా మనవి.

మూడవ యుదాహరణము మన దేశపుది గాదు. కాని విషయమునకు అద్దము వంటిది. 1945లో ఇంగ్లండులో డేవిడ్ లీన్ అను దర్శకుడు "బ్రీఫ్ ఎన్‌కౌంటర్" అను చిత్రము తీసెను. కొద్దిసేపటి కలయిక యని దాని పేరునకు అర్థము. నోయెల్ కవర్డ్ వ్రాసిన ఒక చిన్న నాటకము దానికి మూలము. కథ ఒక రైలుస్టేషనులోని ఫలహారశాలలో మొదలగును. అక్కడ టీ యమ్ము స్త్రీయు, టిక్కెట్లు పుచ్చుకొను ఉద్యోగియు సరసములాడుకొనుచుందురు. ఒక మూల బల్లదగ్గర ఒక పురుషుడును ఒక స్త్రీయు మాటలు లేక కూర్చుండియుందురు. ఇంతలో ఆమెను ఎరిగిన ఒక వాగుడుకాయ వచ్చి పక్కన కూర్చుండి ఊరిమాటలు చెప్పసాగును. ఆ పురుషుడు బండి వేళయైనదని లేచి, ఆమె భుజముమీద ఒక్కసారి చేయి వేసి, వెడలిపోవును. చూచిన మనకు అందు విశేషమేమియు తోచదు. పరిచయస్థు డొకడు సెలవు తీసికొని పోయినాడు, అంతే.

తరువాత ఆ స్త్రీ, లారా యను పేరుగలది, ఇంటికి చేరును. భర్త పత్రికలోని గళ్ళనుడికట్టు పూరించుచు ఎదుట కుర్చీలో కూర్చుండియుండును. ఆమె మనసులోనే ఆ భర్తకు తన కథ చెప్పుకొనును. ప్రతి గురువారము సరకులు కొనుటకు పట్టణమునకు పోవుట, ఒకనాడు రైలునుండి ఎగిరిన నలుసు కంటిలో పడుట, అక్కడనున్న వైద్యుడు దానిని తీయుట, ఆ పరిచయము ప్రేమగ ముదురుట, ఇద్దరును పెండ్లియై పిల్లలు గలవారగుటచే మనసు చిక్కబట్టుకొని విడిపోవుటకు నిశ్చయించుకొనుట, ఇదంతయు మనము చూతుము. కడకు మొదటి ఘట్టమే తిరిగి వచ్చును. అదే ఫలహారశాల, అదే బల్ల, అదే వాగుడుకాయ. ఈసారి మనకు తెలియును, అది జన్మలో కడపటి వీడ్కోలని. చెప్పుకొనవలసిన మాటలన్నియు ఆ పొరుగామె రాకతో గొంతులోనే నిలిచిపోయినవని. భుజముమీద ఒక్క క్షణము నిలిచిన ఆ చేయియే మొత్తము వీడ్కోలని.

పెండ్లియైనవారి కథ మాకేల చెప్పుచున్నావని మీరడుగవచ్చును. వారి మోహమును మెచ్చుటకు గాదు. వారు తమ యిండ్లు నిలుపుకొనిరన్నది మరువకుడు. నేను చెప్పదలచినది వేరు. ఆ దర్శకుడు మొదట మనలను ఆ వాగుడుకాయ స్థానమున కూర్చుండబెట్టినాడు. మన యెదుట ఒక గుండె పగులుచుండగా మనము చూచి చూడనివారమై కూర్చుంటిమి. ఆ సంగతి గంటకు పైగా గడచిన పిమ్మట గాని మనకు తెలియలేదు. కంటిలోని నలుసు తీయుటతో మొదలైన ఆ కథ నిజముగ మన కంటిలోని నలుసునే తీసినది. ఆ మొదటి పరాయిచూపు లేక కథ వరుసగ నడచినచో, అది ఒక విషాదగాథ మాత్రమే యగును.

ఇంతమాత్రముచే ప్రతి ప్రేమకథలోను మూడవవాడు ఉండితీరవలెనని నేననను. "మల్లీశ్వరి"లోనే చూడుడు. చిన్ననాటి ఘట్టములలో ఆ యిద్దరి పిల్లల ఆటలను కథలోని ఏ పరాయివాని కంటితోను చూడనక్కరలేదు. అక్కడ ఒకడు నిలిచి ఎంత ముచ్చటగ నున్నారో యని నోరు తెరచిన ఆ ముచ్చట అక్కడనే చెడును. కొన్ని చిత్రములలో నాయకుని పక్కన ఒక హాస్యగాడుండును. చెట్టుచాటునుండి తొంగిచూచి పండ్లికిలించుటయే వాని పని. మరికొన్నింట ఎవరిదో గొంతుక తెర వెనుకనుండి, వీరి ప్రేమ యెంత గొప్పదో చూడుడని మాటిమాటికి చెప్పుచుండును. ఇట్టివి పరాయిచూపులు గావు. చూచువానిమీద నమ్మకము లేనివారు కట్టిన ఊతకర్రలు. ఇంకొక కీడును గలదు. పరాయిపాత్ర మరీ వెలిగిపోయిన, అసలు ప్రేమికులలో ఒకరు చీకటిలో పడుదురు; పార్వతి విషయమున కొంత జరిగినది అదియే.

కావున పరాయివాని చూపు ప్రేమకథకు ఉపకరించునా యన్న ప్రశ్నకు నా సమాధానమిది. ఉపకరించును, కాని మూడు నియమములున్నవి. మొదటిది, వాడు అక్కడ నుండుటకు తగిన కారణముండవలెను. రాయలవారిని వాన తెచ్చినది, హనుమంతుని స్వామికార్యము తెచ్చినది. రెండవది, ప్రేమికులు తమలో తాము చూచుకొనలేనిది వాడు చూడవలెను, లేదా వాడు చూడలేకపోయినది మనకు తెలియవలెను. మూడవది యన్నిటికంటె ముఖ్యము. చూచినందుకు వాడేదో చేయవలెను, చేసినదానికి వాడు బదులు చెప్పవలెను. హనుమంతుడు చూడామణి తెచ్చినాడు. చంద్రముఖి వృత్తి విడిచినది. రాయలు తాను కట్టిన ముడిని తానే విప్పినాడు. చూచి చేతులు దులుపుకొని పోవువాని చూపువలన కథకును మేలు లేదు, ఊరికిని మేలు లేదు.

ఊరిమాట వచ్చినది గనుక ఇంకొక్క సంగతి చెప్పి ముగింతును. ఇద్దరు ఇష్టపడినారన్న సంగతి పెద్దల చెవిని పడినప్పుడు మనము చూచునదేమి? ఏ చెరువుగట్టు దగ్గరనో, ఏ బస్సులోనో ఎవడో చూచి చెప్పిన ముక్క ఒక్కటి. దానిమీద కులము, ఆస్తి, పరువు అను మూడు రంగుల అద్దములు పెట్టి చూతుము. ఆ యద్దములు పెట్టినవారు పగవారు కానక్కరలేదు. పిల్లల మేలు కోరు తల్లిదండ్రులే యగుదురు. మల్లి తల్లియు బిడ్డ మేలే కోరితిననుకొన్నది. ఇట్టి తొందరపాటు తీర్పులవలన మన దేశమున పిల్లల ప్రాణములే పోయిన సంగతి మీరెరుగనిది గాదు. శక్తి వాహిని యను సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు 2018వ సంవత్సరము మార్చి నెల 27వ తేదీన తీర్పు చెప్పిరి. యుక్తవయసు వచ్చిన ఇద్దరు పరస్పర సమ్మతితో పెండ్లాడబూనినప్పుడు కులపంచాయతీగాని, మరి యే సభగాని దానిని ఆపజూచుట చట్టవిరుద్ధమని అందు స్పష్టముగ చెప్పబడినది.

చట్టము చేయిని ఆపగలదు గాని చూపును మార్చలేదు. చూపును మార్చుట కథల పని. ప్రేమికుల పక్కన మాత్రమే నిలుచు చిత్రము పడుచువారికి నచ్చును. పెద్దలు దానిని చూచి, ఇది కుర్రకారు గోలయని లేచిపోదురు. పరాయివానిని గూడ లోపల నిలిపిన చిత్రమున పెద్దలకును ఒక పీట యుండును. ఆ పీటమీద కూర్చుండి రాయలవారివలె మొదట సగము చూచి, పిదప మిగిలిన సగము చూచినవారు, రేపు తమ యింటి పిల్ల కన్నీరు పెట్టుకొన్నప్పుడు తీర్పు చెప్పుటకు ముందు ఒక ప్రశ్న యెక్కువ అడుగుదురు. ఏమి జరిగినదని అందరు అడుగుదురు. నేను చూడనిది ఏమైన యున్నదా తల్లీ యని అడుగువాడు పెద్దమనిషి.

ఆ యొక్క ప్రశ్న మన నోట వచ్చుటకు ఒక సినిమా తోడ్పడినచో, దానికి పెట్టిన టిక్కెట్టు డబ్బు వృథా పోలేదనియే నా నమ్మకము.